ఆయన క్షమాపణకు నేను చేసిన తర్జుమా

మా ఎడిటర్ గారు పోయారని మొన్న శుక్రవారం చర్చి దగ్గర పాత ప్రెస్ మిత్రుడొకడు చెప్పాడు. ఫ్రాన్సులో, సొంత ఊళ్లోనే కన్నుమూశారట. ఆయన గురించి నలుగురికీ చెప్పాల్సినవాణ్ణి నేనే. చెప్పే అర్హత లేనివాణ్ణీ నేనే.

ఆ ఊళ్లో ఆయన ఇరవై ఏళ్లు చిన్న పత్రిక నడిపారు. ఏటిలోకి విషపునీళ్లు వదిలే రంగుల ఫ్యాక్టరీ మీద రాసీ రాసీ జనం నమ్మకం సంపాదించారు. ఆ జనమే ఆయన్ని పార్లమెంటుకు పంపారు. అక్కడ పార్టీ మాట కాదనలేక, అదే ఫ్యాక్టరీకి అనుకూలంగా ఓటేశారు. తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయి, ఊళ్లో తలెత్తుకోలేక మస్కట్ వచ్చి, ఇక్కడి రూవి పేటలో మేం అచ్చేసే ఇంగ్లిషు వారపత్రికకు సంపాదకుడయ్యారు.

"రాసిన చేత్తోనే ఓటేశాను," అనేవారు.

నేను నరసాపురం నుంచి వచ్చిన టైపిస్టుని. నాకు ఇంగ్లిషు సరిగ్గా రాయడం నేర్పింది ఆయనే. ప్రూఫులు నిలబడే దిద్దేవారు. కూర్చుంటే కళ్లు బద్ధకిస్తాయట.

ఒకసారి ఒక కంపెనీ, పని వదిలి పారిపోయిన కూలీల పేర్లతో ప్రకటన ఇచ్చింది. అందులో ఒక పేరు తప్పు కొట్టాను; అది అదే కంపెనీలో అదే ఇంటిపేరున్న మరొకడి పేరైంది. ఆ మనిషి అప్పుడు జ్వరంతో ఆసుపత్రిలో ఉన్నాడు. పేపర్లో పడ్డ పేరే చూసి, కంపెనీ ఆఫీసువాళ్లు విచారించకుండానే అతని వీసా రద్దు చేయించారు.

సంగతి తెలిసి మా ఓనరు అందర్నీ నిలబెట్టి అడిగాడు. నేను నోరు విప్పలేదు. ప్రూఫు చూసింది తానేనని, తప్పు తనదేనని ఎడిటర్ గారు చెప్పారు. ఆయన ఉద్యోగం పోయింది. తర్వాత, కంపెనీ పంపిన అసలు కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టారు. అందులో పేరు సరిగ్గానే ఉంది. నేను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు, ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చిన ఆ మనిషి రూముకు నన్ను తోడు రమ్మన్నారు. అతను కరీంనగర్ వాడు, ఇంగ్లిషు రాదు. ఎడిటర్ గారు చాప మీద అతని ఎదురుగా కూర్చుని, ఒక్కో వాక్యం చెప్పి ఆగి, నా వైపు చూసేవారు. ఆ ఆగడం తర్జుమా కోసం మాత్రమే కాదని నాకు తెలుసు.

"తప్పు తనదే అంటున్నారు," అన్నాను. "క్షమించమంటున్నారు."

అతను, "పెద్దసారును బాధపడొద్దని చెప్పన్నా. పొరపాటు ఎవలకైనా అయితది," అన్నాడు. అదీ ఇంగ్లిషులో చెప్పాను.

ఆ వారమే ఇద్దరూ ఒమన్ వదిలి వెళ్లిపోయారు. నేను ఇంకా అదే బల్ల దగ్గర పనిచేస్తున్నాను.

ఆ రోజు మేం లేస్తుంటే, తన మాట పెద్దసారుకు చేర్చినందుకు అతను నా రెండు చేతులూ పట్టుకున్నాడు. జ్వరం ఇంకా తగ్గలేదు. అరచేతులు కాలిపోతున్నాయి.