తోసే కుర్చీ

వికలాంగులకు చక్రాల కుర్చీలు, బండ్లు పంచే క్యాంపు కోసం భద్రాచలం పోతున్నాం. బస్సులో అక్క నాతో చెప్పింది, తనకు మూడు చక్రాల బండి కావాలని. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమె కాళ్లు పనిచేయవు. చేతుల్లో మాత్రం మంచి బలం. మా బొగ్గు గనుల కాలనీ నుంచి కుట్టు సెంటరుకు ఒక్కతే పోయి రావాలని ఆమె కోరిక. నాయన సైకిలు మీద దింపేవాడు. ఆయనకు పొద్దుటి షిఫ్టు పడితే ఆమె ఇంట్లోనే.

అక్కను టెంటు కింద కూర్చోబెట్టి నాయన, నేను వరుసలో నిలబడ్డాం. కుర్చీ, బండి రెండూ ఎదురుగా పెట్టారు, ఒకరికి ఒకటే. బండికి సైకిలు చక్రాలు, ఛాతీ ముందు చేత్తో తిప్పే పెడలు, దానికి చైను. కుర్చీ తళతళలాడుతోంది. వెనక పెద్ద చక్రాలు, ముందు చిన్నవి, మడిచి గోడకు ఆనించుకోవచ్చు. నాయన బండిని చూసి మొహం తిప్పుకున్నాడు.

"గుడి కాడ అడుక్కునేటోళ్లు గిసొంటి బండ్లల్లనే కూసుంటరు. నా బిడ్డను గట్ల చూడాల్నా?"

నాకూ అలాగే అనిపించింది. అక్క కోరిక ఆయనకు చెప్పకపోగా, "కుర్చీనే మర్యాదగుంటది నాయనా" అని వంత పాడాను. కుర్చీనే తీసుకున్నాం. అక్క ఇల్లు చేరేదాకా నాతో మాట్లాడలేదు.

ఇంట్లో గచ్చు మీద కుర్చీ బాగానే తిరిగింది. బయట కంకర రోడ్డు. ముందు చక్రాలు రాళ్ల మధ్య ఇరుక్కునేవి. వెనక్కి వంచి లాగడానికి ఇంకో మనిషి ఉండాల్సిందే. ఆ పని నేను నెత్తినేసుకున్నాను. కాలేజీ నుంచి ఆలస్యంగా వస్తే, మూసేసిన సెంటరు ముందు అక్క ఒంటరిగా కూర్చుని ఉండేది. నాకు తల కొట్టేసినట్టయ్యేది. అయినా కాలనీ ఆడవాళ్లు "తమ్ముడంటే గిట్లుండాలె" అంటే లోలోపల పొంగిపోయేవాణ్ణి. అలా పొంగినందుకు మళ్లీ నన్ను నేను తిట్టుకునేవాణ్ణి.

ఒక వాన రోజు కుర్చీ బురదలో దిగబడింది. ఎంత తోసినా కదల్లేదు. నాకు ఏడుపొచ్చింది.

"తప్పు నాదే అక్కా. ఆ రోజు నువ్వడిగింది నాయనకు చెప్పలే."

"ఏడ్వకురా. నువ్వేడిస్తే నిన్ను గూడ నేనే సముదాయించాలె" అంది. చక్రానికి అంటిన బురద గీకుతూ, "నన్ను తోసినప్పుడల్లా నీకు మంచిగనిపిస్తది. నాకు అనిపియ్యది" అంది.

ఆ సాయంత్రమే నాయనకు అంతా చెప్పాను. ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు. తర్వాతి క్యాంపుకు మాత్రం అక్కను తానే ఎత్తుకుని వరుస ముందుకు తీసుకెళ్లి, "నువ్వే చెప్పు బిడ్డా" అన్నాడు.

బండి వచ్చిన మర్నాడు అక్క సెంటరుకు బయలుదేరింది. ఎందుకైనా మంచిదని వెనకే నడిచాను. ఎత్తు దగ్గర నా చెయ్యి దానంతటదే సీటు వెనక్కి పోయింది. ఆమె బ్రేకు వేసింది.

"చెయ్యి తియ్యి."

తీశాను. ఆయాసపడుతూ, పెడలు తిప్పుతూ ఎత్తు ఎక్కేసింది. నేను సంతోషించాలి. కానీ ఇక ఆమెకు నాతో పనిలేదన్న దిగులే ముందు వచ్చింది. ఆ దిగులుకు సిగ్గుపడుతూ ఇంటికి నడిచాను.