గులాబి కర్రకు హామీపత్రం

నరసరావుపేటలో నేను దస్తావేజులు రాసుకుని బతికే మనిషిని. రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా ఒక టేబులు, ఒక కంప్యూటరు, ఒక ఫ్యాను, నేను. పగలంతా జనం స్థలాల హద్దులు రాయటం, సాయంత్రం ఆరు కొట్టగానే షట్టరు దించి స్నూకరు ఆడటం. పద్దెనిమిదేళ్ళుగా ఇదే వరస. నా జోడీ మా ఆవిడ తమ్ముడు. మేమిద్దరం కలిసి నిలబడితే ఊళ్ళో ఎదురు లేదని నేను చెప్పుకోను గానీ, ఎవరైనా చెబుతుంటే అడ్డుపడను.

అలాంటిది, ఒక సోమవారం క్లబ్బు మెట్లెక్కి పైకి పోయి చూద్దును కదా, మా స్నూకరు బల్ల లేదు. అది ఉన్నచోట నీలం గుడ్డ కప్పుకుని మూడు చిన్న బల్లలున్నాయి. ఇది పూల్ అనీ, ఒక పెద్ద బల్ల జాగాలో మూడు పడతాయనీ, కుర్రకారు ఇదే అడుగుతున్నారనీ యజమాని సంజాయిషీ చెప్పాడు. నేను ఏడుద్దామనుకున్నాను. ఇంతలో ఆ బల్లల అంచున బంతులు పడే జేబుల మీద నా చూపు పడింది. అబ్బ, ఎంత వెడల్పో. స్నూకరులో సందు చూసి బంతిని దూర్చినవాడికి ఇక్కడ తలుపులు బార్లా తీసి పెట్టినట్టుంది. ఏడుపు మానేసి చేతులు రుద్దుకున్నాను.

నా స్నూకరు కర్ర అప్పుడే సంచీలోంచి తీశాను. క్యూ అని పుస్తకాల్లో ఉంటుందేమో, మా పల్నాట్లో అది కర్రే. చివర సన్నగా, పెన్సిలు కన్నా కాస్త లావుగా ఉంటుంది. పొడుగునా బాణం గుర్తుల్లా చెక్క చారలు. ఆ బాణాల వెంట చూసి కొట్టటం నాకు అలవాటు. గడ్డం దాని మీద ఆనించి, ఒంటి కన్ను మూసి, త్రికోణంలో పేర్చిన బంతుల మీదికి తెల్లబంతిని బలంగా వదిలాను.

పూల్ బంతి స్నూకరు బంతికన్నా పెద్దది, బరువు కూడా. ఆ సంగతి నాకు తెలియదు. నా సన్న మొన దాని బుగ్గ మీద జారింది. తెల్లబంతి ఎగిరి, బల్ల దాటి, యజమాని తాగుతున్న టీ గ్లాసు పక్కన దిగింది. పేర్చిన బంతుల్లో ఒక్కటి కూడా కదలలేదు. రెండోసారి కదిలాయి, దగ్గరికి జరిగాయి అనిపించేటంత కొద్దిగా. మా బావమరిది నవ్వి నవ్వి నేల మీద కూర్చున్నాడు.

వారం గడిచింది. నేను ఆ కర్రతోనే ఆడుతున్నాను, తెల్లబంతి ఎగురుతూనే ఉంది. యజమాని టీ తాగటం మానేశాడు. ఒక సాయంత్రం మా బావమరిది నవ్వకుండా అన్నాడు.

"వచ్చే నెల మాచర్లోళ్ళతో పూల్ ఆట ఉంది బావా. ఈ పుల్ల పట్టుకుని వచ్చేటట్టయితే నేను నీ పక్కన నిలబడను. వేరే జోడీని చూసుకుంటా."

"ఏందిరా, పద్దెనిమిదేళ్ళ జోడీని పుల్ల కోసం వదిలేస్తావా?"

"పుల్లని వదలంది నువ్వు," అన్నాడు.

పైకి నవ్వేశాను గానీ ఆ పూట అన్నం సహించలేదు. ఇంట్లో చెప్పుకుంటే మా ఆవిడ తమ్ముడి పక్షమే చేరింది. కర్ర కొనక తప్పదని తేలిపోయింది.

గుంటూరులో ఆట సామాను దొరికే కొట్టుకి బయలుదేరితే మా మామగారు కూడా కారెక్కారు. ఆయనది మాచర్ల. నలభై ఏళ్ళు నాపరాయి క్వారీలో సుత్తి కొట్టిన చేతులు. కంటి ఆపరేషన్ చేయించుకుని మా ఇంట్లో ఉంటున్నారు. నల్ల కళ్ళద్దాలు తీయొద్దన్నారు కాబట్టి మనుషులు మసకగా, రంగులు అసలే కనపడని రోజులు. ఇంట్లో కూర్చుని విసుగొస్తోందని వచ్చారు.

కొట్టులో పాతిక దాకా కర్రలు గోడకి నిలబెట్టి ఉన్నాయి. నేను ఒక్కోటీ తీసి చూడటం మొదలుపెట్టాను. బాణం చారలు ఉన్నాయా అని వెతికాను. మొన ఏది సన్నగా ఉందా అని వెతికాను. చివరికి ఒకటి దొరికింది, ప్రాణం లేచొచ్చింది. కొట్టాయన ఓపిగ్గా చూసి, "సార్, అది స్నూకరుదే. పొరపాటున ఈ వరసలో పడింది," అన్నాడు. పూల్ కర్రలకి చారలు ఉండవట. తెల్లగా, నున్నగా ఉంటాయట. మొన నా బొటనవేలంత లావు.

మామగారు కుర్చీలోంచి అడిగారు. "అల్లుడుగారూ, ఆ బంతి ఎంత బరువుండిద్ది?"

"తెలీదు మామా."

"రాయెంతో తెలవకుండా సుత్తి కొనటానికి వచ్చారా?"

కొట్టాయన నవ్వుకుంటూ ఒక పూల్ బంతి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. మామగారు దాన్ని రెండు మూడుసార్లు పైకెగరేసి పట్టుకుని, కర్రలు ఒక్కొక్కటే ఇవ్వమన్నారు. ఇక చూడాలి ఆ తంతు. ప్రతి కర్రనీ గాజు బల్ల మీద దొర్లించి, చెవి దగ్గరగా పెట్టి విన్నారు. గలగలమంటే వంకర ఉన్నట్టు. తర్వాత మడమ భాగాన్ని, అంటే వెనక లావు కొసని, అరచేతికేసి తట్టారు. బొంగురుగా పలికిందాన్ని పక్కన పడేశారు. మిగిలినవాటిని ఒకే వేలి మీద ఆనించి బరువు ఎటు మొగ్గుతుందో చూశారు. సమ్మెట కామని, అంటే పిడిని, ఇలాగే ఎంచుతారట. ముప్పావుగంటలో పాతిక కర్రలు ఒకటయ్యాయి.

"ఇది పట్టండి. మీరు తోసేది కాదు, ఇదే పోయిద్ది."

పట్టుకున్నాను. నిజంగానే పోయింది. కొట్టాయన చూపించిన బల్ల మీద తెల్లబంతి జారలేదు, ఎగరలేదు, అవతలి అంచుకి తగిలి బుద్ధిగా వెనక్కొచ్చింది. ఇంకోటి కొట్టాను. అదీ వచ్చింది. చిన్నపిల్లాడిలా నవ్వొచ్చేస్తోంది.

అప్పుడు చూశాను దాని రంగు. గులాబి. అలాంటి ఇలాంటి గులాబి కాదు, సంతలో అమ్మే పీచుమిఠాయి గులాబి. మడమ మీద వెండి నక్షత్రాలు కూడా ఉన్నాయి.

"మామా, ఇది గులాబి రంగు."

"గులాబి మంచి రంగేగా," అన్నారు నల్లద్దాల్లోంచి.

వేరే రంగులో అదే కర్ర లేదన్నాడు కొట్టాయన. నలభై ఆరేళ్ళ దస్తావేజు లేఖరిని, మీసం ఉన్నవాణ్ణి, గులాబి కర్రతో ఇంటికొచ్చాను.

ఆట రోజు ఆదివారం. బావమరిది మిగతా జట్టుతో పొద్దున్నే వ్యానులో వెళ్ళిపోయాడు. మామగారిని వాళ్ళ ఊళ్ళో దించినట్టూ ఉంటుందని నేను కారు తీశాను. అయితే ఒక దొంగపని చేశాను. పాత స్నూకరు కర్రని మా ఆవిడ పాత చీరలో చుట్టి డిక్కీలో పెట్టాను. అక్కడ కొత్తది మొరాయిస్తే పాతదే తీద్దామని. ఎవరికీ చెప్పలేదు.

గురజాల దాటాక రోడ్డుకి అడ్డంగా పోలీసు బారికేడ్లు. పక్క ఊళ్ళో రెండు వర్గాలకి ఏదో గొడవైందట, కర్రలూ రాళ్ళూ పట్టుకు తిరగకూడదని ఆంక్షలు పెట్టారట. నాకు అప్పటికి ఆ సంగతి తెలియదు. కానిస్టేబులు కిటికీ దగ్గరికి వచ్చాడు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. కారు స్పీకర్లలో మా బావమరిది గొంతు రోడ్డంతా వినపడింది.

"బావా, కర్ర తెచ్చావా? మాచర్లోళ్ళు అందరూ దిగిపోయారు. పగలగొట్టేది నువ్వే. మొదటి దెబ్బ నీదే, గట్టిగా పడాల."

కానిస్టేబులు నా వంక చూశాడు. నేను ఫోను కట్టేశాను. అది ఇంకా అనుమానం తెప్పించింది.

"దిగయ్యా. ఏం కర్ర?"

ఇరవై ఏళ్ళుగా మాటలతో బతుకుతున్నవాణ్ణి. మాట పొదుపుగా, ఎటూ పట్టుబడకుండా ఎలా రాయాలో జనానికి నేర్పేవాణ్ణి. ఆ క్షణంలో నా నోట క్యూ అన్న మాట రాలేదు. "ఆడుకునే కర్ర సార్," అన్నాను. ఇంతలో మామగారు సాయం చేయబోయారు.

"నేనే ఏరి కొనిపెట్టా సారూ. చానా మంచి కర్ర. ఒక్క దెబ్బకి చెల్లాచెదురై పోతారు."

మమ్మల్ని ఎస్సై దగ్గరికి తీసుకుపోయారు. ఆయన రోడ్డు పక్క బత్తాయి రసం బండి దగ్గర నాపరాయి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. సంచీ విప్పమన్నాడు. రెండు ముక్కలుగా ఉన్న కొత్త కర్రని తీసి మర బిగించాను. ఎండలో గులాబి రంగు ధగధగలాడింది. కానిస్టేబుళ్ళు నలుగురు చుట్టూ చేరారు. ఇంత ముద్దొచ్చే మారణాయుధాన్ని వాళ్ళెప్పుడూ చూసినట్టు లేదు.

"దీంతో ఆడతారా? ఏదీ, చూపించండి," అన్నాడు ఎస్సై.

బండాయన రెండు బత్తాయిలిచ్చాడు. మామగారు తువ్వాలుతో అరుగు తుడిచి, అరచెయ్యి పెట్టి మట్టం చూసి, "ఎడమకి కొంచెం వాలుంది, కుడికి కొట్టండి," అన్నారు. వంగాను. కొట్టాను. మొదటి బత్తాయి పోయి రెండోదాన్ని తాకింది, రెండోది అరుగు దిగి ఎస్సై బూటు దగ్గర ఆగింది. కానిస్టేబుళ్ళు అబ్బో అన్నారు. నాకు ఏదైనా కప్పు గెలిచినంత గర్వం కలిగింది.

అక్కడితో అయిపోయేది. కానీ ఒక కానిస్టేబులు డిక్కీ తెరిచి, చీర చుట్టిన పొడుగాటి మూట పట్టుకొచ్చాడు.

"ఇదేంది?"

మామగారు నావైపు తిరిగారు. చేత్తో మూట తడిమి, మొన దగ్గర వేళ్ళు ఆపి, ఏమిటో తెలుసుకున్నారు. చీర కొస సర్ది, మూటని తిరిగి కానిస్టేబులు చేతిలో పెట్టారు. తిట్టినా బాగుండేది.

ఎస్సై రెండు కర్రలూ చూసి తల అడ్డంగా ఊపాడు. "ఆటకి ఒకటి చాలుగా. ఒకటి తీసుకెళ్ళండి, ఒకటి ఇక్కడ పెట్టండి. సాయంత్రం వచ్చి పట్టుకుపోండి. కర్రని బంతుల మీద తప్ప వాడనని కాగితం రాసివ్వండి."

పాత కర్ర చెక్క నా చెమట తాగి నల్లబడింది. దాని బాణాలు నాకు కళ్ళు మూసినా కనపడతాయి. కొత్తది పరాయిపిల్లలా మెరుస్తోంది. కాగితం తీసి జీపు బానెట్ మీద పెట్టాను. చెయ్యి దానంతటదే రాసుకుపోయింది. 'ఇందుమూలముగా రాసి ఇచ్చిన హామీపత్రం ఏమనగా, దిగువ షెడ్యూలులో వివరించిన కర్ర నా సొంతమై, నా స్వాధీనానుభవములో ఉన్నది. దీనిని బంతులను కొట్టుటకు తప్ప మనుషులను గానీ, పశువులను గానీ కొట్టుటకు వాడను.' షెడ్యూలు దగ్గర ఆగాను. ఏ కర్ర రాయాలి? ఒక్క క్షణమే. 'గులాబి రంగు, వెండి నక్షత్రములు గలది,' అని రాశాను. హద్దులు కూడా రాశాను: తూర్పున తోలు మొన, పడమట రబ్బరు బుడిపె. ఎస్సై చదివి జీపు పట్టుకుని నవ్వాడు. పాత కర్రకి రసీదు రాసిచ్చి పంపాడు.

మాచర్ల చేరేసరికి ఆట మొదలుకావాల్సిన టైము దాటి గంటయింది. మా బావమరిది గుమ్మంలోనే ఉన్నాడు. వేరేవాళ్ళతో ఆడెయ్యమని మాచర్లోళ్ళు చెప్పినా, మా బావ వస్తాడని మొండికేశాడట. గులాబి కర్ర చూసి నోరెళ్ళబెట్టాడు. తర్వాత నవ్వు మొదలైంది, అది చాలాసేపు ఆగలేదు.

సంతకం పెట్టమని నిర్వాహకుడు నా ముందు జట్టు కాగితం పెట్టాడు. ఏ కాగితం చూసినా ముందు ముద్రా, తేదీ చూడటం నా వృత్తి జబ్బు. జోడీ అన్న చోట నా పేరూ, దాని కింద వాడి పేరూ, వాడి కోడిగీతల్లోనే ఉన్నాయి. అందినట్టు కొట్టిన ముద్ర తేదీ స్నూకరు బల్ల ఎత్తేసిన వారానిది. అంటే వేరే జోడీని చూసుకుంటానని వాడు బెదిరించకముందే నా పేరు ఇచ్చేశాడు. తెల్లబంతి ఎగురుతున్న రోజుల్లోనే ఇచ్చేశాడు. సంతకం వంకరగా వచ్చింది.

మొదటి దెబ్బ నేనే కొట్టాను. బంతులు బల్లంతా పరుచుకున్నాయి, రెండు జేబులో పడ్డాయి. ఆటలు ఐదు. రెండు మేము, రెండు వాళ్ళు. ఐదోదాన్లో చివరి నల్లబంతి నేనే తప్పాను. ఓడిపోయాం. ఓడిపోయి ఇద్దరం భుజాల మీద చేతులేసుకుని పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం. గెలిచినవాళ్ళు అంతగా నవ్వలేదు.

మామగారిని ఇంట్లో దించి, నేనూ మా బావమరిదీ నా కార్లో నాలుగింటికి బారికేడ్ల దగ్గరికి వచ్చాం. నాపరాయి అరుగు మీద వంగి, గడ్డం కర్రకి ఆనించి, ఎస్సై బత్తాయిని గురి చూస్తున్నాడు. కర్ర నాదే.

"మీ పాతది బాగుందండీ, తిన్నగా పోతోంది," అన్నాడు కొంచెం సిగ్గుపడి. తర్వాత ఆఫీసరు అయిపోయాడు. "ఇప్పుడు మీ దగ్గర రెండు కర్రలయ్యాయి. ఇంటిదాకా రెండోదానికి పూచీ ఎవరు?"

"నేను సారూ," అన్నాడు మా బావమరిది.

మళ్ళీ బానెట్, మళ్ళీ కాగితం. రాస్తూ అడిగాను. "వేరే జోడీని చూసుకుంటానన్నావు?"

"అనకపోతే నువ్వు కొనేవోడివా?"

ఇద్దరు కలిసి పూచీ పడే ఏ కాగితంలోనైనా ఒక మాట ఉంటుంది, 'సమష్టిగానూ, విడివిడిగానూ బాధ్యులము' అని. వేల కాగితాల్లో రాశాను. చెయ్యి అలవాటుగా ఇక్కడా రాసేసింది. ఒకసారి చదువుకుని, 'విడివిడిగానూ' అన్నదాన్ని కొట్టేశాను. కొట్టివేత ఉన్నచోట పక్కన పొట్టి సంతకాలు పెట్టాలి. ఇద్దరం పెట్టాం.