తోక కొలిచాకే ఆవు

కాత్యాయని టీచరుకి ఒకటే పిచ్చి. దేన్నైనా సరే కొలవందే, లెక్కపెట్టందే, నీళ్ళలో వేసి చూడందే దాని పేరు పిల్లల చేత చదివించేది కాదు. ఎనభై నాలుగు జూన్‌లో బడి తెరిచిన వారానికే, ‘ఈగ’ అన్న మాట కోసం ఒకటో తరగతి మొత్తం కిరాణాకొట్టు ముందు బెల్లం దిమ్మ చుట్టూ మూగి ఈగ కాళ్ళు లెక్కపెట్టింది. ఆరని తేలేదాకా కొట్లో బేరాల్లేవు. ‘తాడు’ చదివిన రోజున బావి తాడు మాయం. పోనీ ఆవిడైనా ఒక్కచోట నిలుస్తుందా? తనకో కుర్చీ ఉందన్న సంగతే ఆవిడకి తెలీదేమో!

ఇదంతా చూస్తుంటే స్కూలు కమిటీ ప్రెసిడెంటు బసవపున్నారావుగారికి కాలు నిలిచేది కాదు. ఊరి బడిలోనే అయిదో తరగతి దాకా చదివి, ఊరికి బోరు వేయించి, బస్సు తెప్పించి, తన మామిడితోట చిన్నరసాలకి నూజివీడులో మొదటి బహుమతి కొట్టిన మనిషాయె. అలాంటివాడి మనవరాలు ప్రమీలారాణి బళ్ళో ఇంతవరకూ పుస్తకమే తెరవలేదు!

“ఏం చదివావే ఇవాళ?”

“ఆవు, తాతయ్యా. ముందు తోక కొలిచాం. మన పెద్దావుదే. నా జానతో ఎనిమిది, లక్ష్మి జానతో తొమ్మిది. నీ జానతో ఎంతో రేపు చెప్పాలి. రా, పట్టుకో.”

పెద్దావు పిల్లల్ని ఓర్చుకుంది గానీ ప్రెసిడెంటుగారిని ఓర్చుకోలేదు. ఆయన పేడకుప్పలోంచి లేచి, అదే పంచెతో బడికి వెళ్ళారు.

“అమ్మా, బోరు వేయించాను, బస్సు తెప్పించాను. ఏనాడైనా తోక కొలిచానా?”

“కొలవకపోబట్టే కదా బాబాయిగారూ, మీ బస్సు తూము మీద పట్టక ఊరి బయటే ఆగుతోంది?” అంటూనే ఆవిడ వరండా ఆ చివరికి వెళ్ళిపోయింది.

“ఏప్రిల్లో ఇన్‌స్పెక్టరొస్తాడు. పిల్లలు చదవలేదో, నిన్ను బదిలీ చేయించి తీరతాను! లేకపోతే నా పేరు బసవపున్నారావే కాదు!”

“అప్పుడు బోరు మీద రాయించిన పేరు కూడా మార్చాలండీ.”

ఏప్రిల్ రానే వచ్చింది. ఇన్‌స్పెక్టరూ వచ్చాడు. ప్రెసిడెంటుగారు కుర్చీ అంచున కూర్చుని కాళ్ళు ఊపుతున్నారు. టీచరు బకెట్లో రెండు మామిడికాయలు వేసింది.

“యలమందా, ఏమైందిరా?”

“ముదురుకాయ మునిగిందండీ. లేతకాయ తేలిందండీ.”

ఆ మాటలే బోర్డు మీద రాసింది. పిల్లలు గడగడా చదివారు.

“వాళ్ళు చెప్పిందే రాస్తే ఎవరైనా చదువుతారు” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “వాచకాలు తియ్యమనండి.”

లేచింది ఒక్క పుస్తకమే. ప్రమీలారాణిది. అట్ట కొత్త వాసన కూడా పోలేదు. తోట పనివాళ్ళ పిల్లలు లక్ష్మి, యలమంద, మిగతా వాళ్ళందరూ తలలు దించుకున్నారు. కాత్యాయని టీచరు కదలకుండా నిలబడిపోయింది. అలా నిలబడ్డం ఊళ్ళో అదే మొదలు.

ప్రెసిడెంటుగారికి అప్పుడు వెలిగింది. ఏడాది పొడుగునా ఈ గదిలో ఒక్క పిల్లా లేచి “పుస్తకం లేదండీ” అనాల్సిన అవసరం రాలేదు. ఆయన గబుక్కున లేచారు.

“పుస్తకాలు తేవద్దన్నది నేనేనండీ! ఈ పద్ధతి నాదే. కావాలంటే ఆ ఒక్కటే ఎవరిచేతనైనా చదివించుకోండి.”

ఇన్‌స్పెక్టరు పుస్తకం లక్ష్మి చేతిలో పెట్టాడు. ఎన్నడూ చూడని పాఠం. ఆ పిల్ల వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చివరిదాకా చదివేసి తలెత్తింది.

“ఈ ఏనుగు ఎంత బరువుందో రాయలేదేంటండీ?”

ఇన్‌స్పెక్టరు నవ్వు ఆపుకోలేకపోయాడు. “బ్రహ్మాండంగా ఉందండీ ప్రెసిడెంటుగారూ, మీ పద్ధతి! వచ్చే వారం ఆగిరిపల్లిలో టీచర్ల మీటింగుంది. మీరే వచ్చి అందరికీ చెప్పాలి.”

ఆ సాయంత్రం ఆయన టీచరు ఇంటి గుమ్మంలో చేతులు నలుపుకుంటూ నిలబడ్డారు.

“అమ్మా, నోరు జారి ఒప్పేసుకున్నాను. అసలా లేతకాయ ఎందుకు తేలుతుందో కాస్త చెబుదూ.”

“చెబితే ఏం తెలుస్తుందండీ? పంచె ఎగ్గట్టుకుని ఇలా బావి దగ్గరికి రండి” అంటూ ఆవిడ అప్పటికే సగం దూరం వెళ్ళిపోయింది.