పొగను బండ చేసిన సారు

మా సారు పోయారు. మొన్న పొద్దున ఇళ్ళకు పాలు పోసొచ్చి చేతులు కడుక్కుంటుంటే కాకినాడ నుంచి వాళ్ళావిడ ఫోన్ చేశారు. "నిద్రలోనే పోయారమ్మా, ఏం బాధపడలేదు" అన్నారు. నేను ఫోను పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా అత్తమ్మ కొట్టంలోంచి "ఎవలే? ఏమైంది?" అని కేకేసింది. చెప్పాను.

"ఏ సారు? మన సున్నం సారా?"

అవునన్నాను. అత్తమ్మ చేతిలో ఉన్న గడ్డి కింద పడేసి, బర్రె వీపు మీద చెయ్యి వేసి ఆనుకుంది. మా అత్తమ్మ పని మధ్యలో ఆపడం నేనెప్పుడోగానీ చూడలేదు.

ఇది చదివేవాళ్ళకు ఆయన ఎవరో తెలియదు. పేపర్లలో ఆయన పేరు ఎప్పుడూ రాలేదు. తెలిసిన కొద్దిమందిలో ఒకదాన్ని కాబట్టి రాస్తున్నాను.

మాది పాతబస్తీలో ఛత్రినాక. తరాలుగా పాల వ్యాపారం. కింద బర్రెల కొట్టం, పక్కన మా ఇల్లు, పైన అద్దెకు రెండు గదులు. నేను కొత్త కోడలిగా వచ్చిన ఏడాదే సారు, వాళ్ళావిడ పై గదుల్లో దిగారు. సర్కారు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. కోస్తా మనిషి. మార్కెట్టులో ఉర్దూలో బేరమాడాలని ఆయనకు మహా సరదా. "భాయ్, జరా కమ్ కరో అండీ" అనేవారు. ఆ 'అండీ'కే కూరగాయలమ్మే ముసలాయన నవ్వి గుప్పెడు మిరపకాయలు ఎక్కువ వేసేవాడు.

పొద్దున్నే పాలకు ఆయనే గిన్నె పట్టుకుని కిందికి దిగేవారు. గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవారు. "నీళ్ళు కలిపిన్నని చూస్తున్నవా సారూ?" అని అత్తమ్మ అడిగేది. "లేదు అక్కగారూ, ఇవాళ గడ్డి మారిందేమోనని" అనేవారు. నిజంగానే మారి ఉండేది.

ఒక వానాకాలం మా కొట్టంలో పెద్ద దెబ్బ తగిలింది. నేల మీద సగం శాబాదు బండలు, సగం మట్టి. వానకు మట్టంతా బురదైంది, బండలు నున్నగా జారుతున్నాయి. అందరికంటే బాగా పాలిచ్చే బర్రె జారి పడింది. తుంటి విరిగింది. పశువుల డాక్టరు వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు. అది పోయిన రోజు అత్తమ్మ కొట్టం ముందే కూలబడింది. అన్నం ముట్టలేదు. మామయ్య పోయినప్పుడు కూడా ఇట్లా ఏడవలేదని మా ఆయన అన్నాడు.

సారు దిగివచ్చి, లాల్చీకి బురద అంటుకుంటున్నా చూసుకోకుండా ఆమె పక్కనే కూర్చున్నారు.

"అక్కగారూ, కాలు జారని బండలు వేద్దాం. నేను చేసిస్తాను."

"నువ్వా? దేంతోని?"

"పొగతో."

అత్తమ్మ కళ్ళు తుడుచుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది. "సారూ, నీకు జెరం గిట్ల వచ్చిందా ఏంది?"

మర్నాడు సారు మా వంటింట్లోకే వచ్చారు. గాజు గ్లాసులో సున్నపు తేట పోసి, సన్న గొట్టం ఇచ్చి నన్ను ఊదమన్నారు. ఊదాను. తేట నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. కాసేపటికి అడుగున సన్నటి పిండి దిగింది. "నీ ఊపిరిలోని బొగ్గుపులుసు గాలేనమ్మా అది. సున్నంతో కలిసి రాయైంది. గాలి తిరుగుతుందంటే దానికి ఇల్లు లేకనే. కూర్చోవడానికి పీట వేస్తే అదీ కూర్చుంటుంది" అన్నారు. ఆ మాట ఆయన తరచూ అనేవారు. ఇంటికి వచ్చిన కోపిష్టి చుట్టాల గురించి కూడా అదే అనేవారు.

సున్నం కొనలేదు. చాంద్రాయణగుట్ట దగ్గర వెల్డింగు షాపుల్లో కార్బైడుతో గ్యాసు తయారు చేసుకున్నాక మిగిలే తెల్లటి బురదను మోరీలో పారబోసేవాళ్ళు. అదీ సున్నమే. సారు దాన్ని డబ్బాలకెత్తించి ఆటోలో తెచ్చారు. కుళ్ళిన వెల్లుల్లి లాంటి కంపు! గల్లీ అంతా బయటికొచ్చి లొల్లి పెట్టింది. సారు ఇంటింటికీ వెళ్ళి, ఎండితే వాసన పోతుందని చేతులు జోడించి చెప్పొచ్చారు.

పొగ కోసం మలుపులోని బేకరీ భాయ్ దగ్గరికి వెళ్ళారు. కట్టెల బట్టీ, రోజంతా పొగే. "ధువాఁ? లేజావ్ సాబ్, పైసే నక్కో" అని, పొగకు డబ్బులేంటని భాయ్ పడీపడీ నవ్వాడు. పొగగొట్టం పక్కన పాత నూనె డ్రమ్ము పెట్టి, పొగను తడి గోనెల మీదుగా చల్లార్చి అందులోకి పంపేవారు. వెల్డింగు సున్నంలో రాతిపొడి కలిపి, చెక్క అచ్చుల్లో గట్టిగా కొట్టి, పైన గరుకు కోసం గోనెగుడ్డ అద్ది, ఆ బిళ్ళలను డ్రమ్ములో పేర్చేవారు.

మొదటి విడత బండలు పరిచిన రోజు బర్రె కాలు పెట్టగానే అప్పడంలా విరిగిపోయాయి. ముందుగా నవ్వింది అత్తమ్మే. "సారూ, నా బర్రెకు బిస్కెట్లు పెట్టినవా?" ఆ నష్టం తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. సారు కూడా కళ్ళజోడు తీసి మరీ నవ్వారు.

తర్వాత విరిగిన ముక్క అంచుకు తడి పసుపు పూశారు. చుట్టూ పసుపుగానే ఉంది, నడిమధ్య ఎర్రబడింది. పసుపు, సున్నం కలిస్తే పారాణి అవుతుందని మాకు తెలిసిందే. "ఎర్రగా ఉన్నచోట ఇంకా సున్నమే. పొగ లోపలికి పోలేదు. తడి ఎక్కువైతే గాలికి దారుండదు, మరీ ఎండితే పట్టు కుదరదు" అని తనలో తాను చెప్పుకున్నట్టు చెప్పారు. ఆ తర్వాత ఎన్ని విరగ్గొట్టారో! కాలేజీ నుంచి రాగానే, చొక్కా కూడా మార్చకుండా డ్రమ్ము దగ్గరే. చలికాలం వచ్చాక ఒక సాయంత్రం ముక్క పట్టుకుని మెట్ల మీంచి కేకేశారు: "అక్కగారూ! అంతా పసుపే!"

ఆ బండలు నిలిచాయి. మెల్లమెల్లగా కొట్టమంతా పరిచారు.

సంగతి ఎట్లాగో బయటికి పొక్కింది. ఒక కాంట్రాక్టరు, ఆయనతోపాటు ఒక పెద్ద ఆఫీసరు కారులో వచ్చారు. పొగతో ఇటుకలు అనే పథకం పెడతామన్నారు. సారుకు షెడ్డు, ప్రయోగాలకు గది ఇస్తామన్నారు. ఆ గది అనే మాట విన్నప్పుడు సారు ముఖం వెలిగిపోవడం నేను టీ ఇస్తూ చూశాను. వెల్డింగు సున్నం అంత పెద్ద పనికి చాలదు కాబట్టి సున్నపు బట్టీల నుంచి కొత్త సున్నం తెప్పిద్దామని కాంట్రాక్టరు అన్నాడు.

సారు కప్పు కింద పెట్టారు. "కొత్త సున్నమైతే లాభం లేదండీ. సున్నపురాయిని కాల్చినప్పుడే ఈ గాలి పైకి పోతుంది. మనం చేసేది దాన్నే తిరిగి పట్టుకోవడం. కాల్చడానికి వాడిన బొగ్గు పొగ అదనం. పారేసే సున్నం ఉన్నంతవరకే ఇది మంచి పని."

"ఆ సంగతి మనం చెప్పక్కర్లేదు కదండీ" అన్నాడు ఆఫీసరు, మెత్తగానే.

"చెప్పకపోతే రేపు క్లాసులో నిలబడటం కష్టమండీ నాకు."

వాళ్ళు టీ తాగి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. మా ఆయనకు ఒళ్ళు మండింది. "ఎందుకు చెప్పినవ్ సారూ? మస్తు పేరొస్తుండె!" అన్నాడు. మర్నాడు సారు పాలకు కిందికి దిగలేదు. అత్తమ్మే గిన్నె నింపుకుని పైకెళ్ళింది. ఆమె ఎన్నడూ ఎవరికీ మెట్లెక్కి పాలివ్వలేదు. "నువ్వు ఫికర్ జెయ్యకు సారూ. నా బర్రెలు నిలబడ్డయ్. గంతే చాలు" అంటుంటే కింద ఉన్న నాకు వినిపించింది. ఆయన ఏమన్నారో వినపడలేదు. మరుసటి రోజు మాత్రం గిన్నె పట్టుకుని మళ్ళీ దిగారు.

సారు రిటైరై కాకినాడ వెళ్ళిపోయేదాకా బేకరీ పక్కన ఆ డ్రమ్ము అలాగే ఉంది. తీరిక దొరికితే బండలు చేసేవారు. గల్లీలో ఎవరి గడప ముందు బురద ఉంటే వాళ్ళకిచ్చేవారు. వాసనకు అందరికంటే ఎక్కువ గొడవ చేసిన ఇంటికే ముందుగా వేశారు.

ఆయన్ని చివరిసారి చూసింది చాంద్రాయణగుట్టలో ఫ్లైఓవరు కడుతున్న రోజుల్లో. ఎవరిదో పెళ్ళికి వచ్చి మా ఇంట్లో భోంచేశారు. బస్సెక్కించడానికి వెంట వెళ్ళాను. మనిషి బాగా సన్నబడ్డారు. ఆటోల హారన్లు, దుమ్ము, జనం. బస్సు వచ్చేలోపు ఆయన పక్కకు నడిచి, అప్పుడే చెక్కలు విప్పిన కాంక్రీటు స్తంభానికి అరచెయ్యి ఆనించి నిలబడ్డారు.

"ఇందులోనూ సున్నముందమ్మా. ఇదీ ఆ గాలిని పీలుస్తుంది, ఏళ్ళ తరబడి, మెల్లగా" అన్నారు.

కండక్టరు కేకేశాడు. సారు గబగబా ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నారు. బస్సు కదిలింది. జనం మధ్య నుంచి దూరమవుతూ, ఊపుతున్న ఆ చెయ్యి మాత్రం కనిపిస్తూనే ఉంది. అరచెయ్యి నిండా బూడిదరంగు సిమెంటు పొడి.