ఎక్కడికని అడిగిన ఇద్దరు

చెన్నై షోళింగనల్లూరులో మా ఆఫీసు మూడో అంతస్తులో కూర్చుని, ఎన్నడూ చూడని దేశంలో రోజూ బస్సులెక్కేదాన్ని. ఎస్టోనియా జనం వాడే బస్సుల యాప్‌ను మా కంపెనీ తయారుచేసేది. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటం నా ఉద్యోగం. తెరమీద రెండు గడులుండేవి. బయల్దేరే చోటు రాయాల్సిన గడి పైన 'కుస్త్' అని, వెళ్ళాల్సిన చోటు రాయాల్సిన గడి పైన 'కుహు' అని ఉండేది. మొదటి వారంలోనే నేను రెండూ తారుమారు చేసి, యాప్‌లో లేని తప్పును ఉన్నట్టు రాసి పంపించాను. అవతలివాళ్ళు నవ్వుకున్నారేమో గానీ మా టీం లీడరు మాత్రం నవ్వలేదు.

"భాష కొంచెం నేర్చుకోండి. వాళ్ళే ఒక టీచర్ని ఏర్పాటు చేస్తామంటున్నారు," అన్నాడు.

ముగ్గురం చేరాం. నెల తిరిగేసరికి మిగతా ఇద్దరూ మానేశారు. మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం నాలుగింటికి, చిన్న మీటింగు గదిలో, లాప్‌టాప్ ముందు నేనొక్కదాన్నే మిగిలాను.

టీచరు డెబ్బై దాటిన ఆవిడ. బడిలో పనిచేసి రిటైరయ్యారు. తార్తు అనే ఊరికి దగ్గర్లో ఓ పల్లెలో ఉండేవారు. ఆవిడ వెనక కిటికీ, కిటికీ అవతల ఎప్పుడు చూసినా తడిసినట్టుండే చెట్లు కనిపించేవి. ఆవిడ ఇంగ్లీషు కూడా నా ఎస్టోనియన్ లాగే తడబడేది కాబట్టి ఇద్దరం నెమ్మదిగా మాట్లాడుకునేవాళ్ళం.

మొదటి పాఠంలో మూడు ప్రశ్నలు నేర్పారు. కుస్ అంటే ఎక్కడ, కుహు అంటే ఎక్కడికి, కుస్త్ అంటే ఎక్కణ్ణించి. ఆ తర్వాత ఇల్లు అనే మాట. ఇంటికి అంటే కొయు, ఇంట్లో అంటే కొదుస్, ఇంటి నుంచి అంటే కొదుస్త్. నేను తప్పులేకుండా అప్పజెప్పేసరికి ఆవిడ ఆశ్చర్యపోయారు.

"ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళకు ఇది ఎక్కించడానికి నాకు వారాలు పట్టేది. నీకెలా వచ్చింది?"

"మా భాషలోనూ ఇంతేనండీ. మాట చివర మారుతుంది, అంతే," అన్నాను. ఆవిడ ఎవరో దూరపు చుట్టం దొరికినట్టు సంతోషపడ్డారు.

ఆనాటి నుంచి ప్రతి క్లాసూ ఒకే ప్రశ్నతో మొదలయ్యేది. "కుహు స ల్యాహెద్?" నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు? మా అమ్మ ఉన్న రోజుల్లో ఆ మాట నోటివెంట రానిచ్చేది కాదు. బయల్దేరే మనిషిని ఎక్కడికని అడిగితే వెళ్ళే పని చెడుతుందని ఆవిడ పట్టింపు. "ఎంత దూరం?" అని అడగాలి. టీచరుకి ఆ సంగతి చెబితే పగలబడి నవ్వి, "అయితే నీకు నేను పాఠం ఎలా చెప్పాలి?" అన్నారు.

చెప్పాలంటే, చెన్నై వచ్చిన నాలుగేళ్ళలో నన్ను ఎక్కడికనీ, ఎంత దూరమనీ అడిగినవాళ్ళు లేరు. ఫ్లాటు పంచుకున్న అమ్మాయి పెళ్ళయి పుణె వెళ్ళిపోయింది. ఆఫీసు క్యాబ్ మా గేటు దగ్గర ఎక్కించుకుని ఆఫీసు గేటు దగ్గర దింపేది. కూరగాయలైనా మందులైనా ఫోన్లో నొక్కితే వచ్చేవి. తమిళం నేర్చుకునే అవసరమే పడలేదు. కాకినాడలో మా వీధి చివరికి వెళ్ళేలోపు ముగ్గురికి సమాధానం చెప్పాల్సి వచ్చేది. అప్పుడది విసుగ్గా ఉండేది.

ఒకరోజు పాఠంలో, "పని అయ్యాక ఎక్కడికి వెళ్తావు?" అన్నారు టీచరు.

"ఇంటికి."

"ఇంట్లో నీ కోసం ఎవరు ఎదురుచూస్తారు?"

అది పుస్తకంలో ఉన్న ప్రశ్నే. అమ్మ, భర్త, పిల్లి, అన్ని మాటలూ నాకొచ్చు. ఏదో ఒకటి చెప్పేయొచ్చు. "మిత్తె కేగి," అన్నాను. ఎవరూ లేరని. "నా సంగతీ అంతే," అని ఆవిడ పేజీ తిప్పారు.

ఆ వారం ఇచ్చిన హోంవర్కు వేరుగా ఉంది. మీ ఊళ్ళో తెలియని పేటకు వెళ్ళు, ఫోను బయటికి తీయకు, ఎవరినైనా దారి అడుగు, ఆ సంభాషణంతా ఎస్టోనియన్‌లో రాసుకురా అన్నారు.

ఆదివారం ఉదయం తిరువాన్మియూరులో రైలెక్కి, పార్క్ టౌన్‌లో దిగి, సెంట్రల్ పక్కనున్న లోకల్ స్టేషన్‌లో ఇంకో రైలు పట్టుకుని పెరంబూరు వెళ్ళాను. అక్కడ నాకెవరూ తెలియదు, అందుకే ఆ చోటు. స్టేషన్ బయట నిలబడి ఎవరిని ఆపాలో తోచక చాలాసేపు చూశాను. చివరికి చేతిలో గుడ్డసంచితో వస్తున్న ఒక పెద్దావిడకు ఎదురెళ్ళి, "మార్కెట్... ఎంగె..." అన్నాను. 'ఎక్కడ' అన్న ఆ ముక్క తప్ప మిగతా తమిళం రాలేదు. "అబ్బ, ఎలా అడగాలి," అని గొణుక్కున్నాను.

"తెలుగా! తెలుగులోనే అడగరాదా? యాడికి పోవాల?"

"మార్కెట్‌కండీ, మామ్మగారూ."

"మామ్మగారా!" ఆవిడ ముఖం విప్పారింది. "మా ఇంట్లో పిలకాయలు నన్ను పాట్టీ అంటారు. తెలుగు ఒక్క ముక్క మాట్లాడరు. సరి, రా, నేనూ ఆ పక్కకే పోతా ఉండా."

ఆవిడ కుంటుతూ నడుస్తోంది. వాళ్ళు తాతల నాడే నెల్లూరు వైపు నుంచి వచ్చారట. ఆవిడ పుట్టింది ఇక్కడే. భర్త రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి పోయాడట. అన్నీ చెప్పి, నా వైపు తిరిగింది. "మార్కెట్లో ఎవురుండారు నీకు?"

ఎస్టోనియన్ హోంవర్కు కోసం వచ్చానని ఎలా చెప్పను? "ఫ్రెండు వస్తానందండీ," అన్నాను.

మార్కెట్ రాగానే నమస్కారం పెట్టాను. ఆవిడ కదల్లేదు. "ఆ పాప వచ్చినాక పోతాలే. కొత్త చోటు, ఒక్కదానివే ఉండావు."

కొబ్బరికాయల కొట్టు నీడలో నిలబడ్డాం. పది నిమిషాలయింది. ఆవిడ సంచీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "ఫోన్ చేసి చూడమ్మా," అంది. ఎవరికీ చేయకుండానే ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "తియ్యట్లేదండీ," అన్నాను. ఇంకాసేపటికి ఆవిడ కొట్టు స్తంభానికి ఆనుకుని మోకాలు రుద్దుకోవడం మొదలుపెట్టింది. అది చూశాక నేనిక ఆగలేకపోయాను.

"మామ్మగారూ, ఎవరూ రారండీ. నాకిక్కడెవరూ లేరు. దారి అడగటం అలవాటవ్వాలని వచ్చానంతే."

"దారి అడిగేది అలవాటు చేసుకునేదానికా?" ఆవిడకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం చిన్నబోయింది. "ఆడ మా చెల్లెలు అన్నం వండి పెట్టుకోని కూర్చోనుంటాది. ముందే చెప్పుంటే సరిపొయ్యేది గదమ్మా."

"తప్పయిపోయిందండీ."

ఆవిడ నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "బువ్వ తిన్నావా?"

"తిన్నానండీ," అన్నాను.

"సరి," అని వెళ్ళిపోయింది. ఉదయం నుంచి టీ తప్ప నా కడుపులో ఏమీ లేదు.

మంగళవారం క్లాసులో అదంతా చదివి వినిపించాను. టీచరు ఒకచోట ఆపారు. ఇంటికి వెళ్ళడం అంటే లోపలికి వెళ్ళడం, మార్కెట్‌కు వెళ్ళడం అంటే దాని మీదికి వెళ్ళడం, వాళ్ళ భాషలో రెండింటికీ ఒకే ముగింపు పనికిరాదు. మార్కెట్‌కు అనడానికి 'తురులె' అని దిద్దించారు. మన 'కి' అన్నిటికీ సరిపోతుందని చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"తిన్నానని ఎందుకు చెప్పావు?" అని అడిగారు.

నేను కాగితం మీద 'తురులె' కింద ఇంకో గీత గీశాను.

"మా ఆయన పోయిన ఏడాది, పక్కింటావిడ రోజూ వచ్చి అడిగేది. నేనూ అలాగే చెప్పేదాన్ని. తర్వాత ఆవిడ రావడం మానేసింది," అన్నారు టీచరు.

రెండు వారాల తర్వాత అరటిపళ్ళు పట్టుకుని మళ్ళీ పెరంబూరు వెళ్ళాను. స్టేషన్ బయట గంటసేపు నిలబడ్డాను, కొబ్బరికాయల కొట్టు దగ్గర ఇంకో గంట. ఆవిడ కనబడలేదు. పేరు తెలియదు. ఎక్కడ ఉంటారని అడగాలన్న ఆలోచనే ఆ రోజు నాకు రాలేదు. పళ్ళు తిరుగు రైల్లో నా ఎదురుగా కూర్చున్న పిల్లల తల్లికి ఇచ్చేశాను.

వర్షాకాలం మొదలయ్యేసరికి ఆ బస్సుల యాప్ పని మా కంపెనీ చేతిలోంచి పోయింది. దాంతో క్లాసులూ ఆగిపోయాయి. ఆఖరి రోజున టీచరు, మీ భాషలో ఒక ప్రశ్న నాకూ నేర్పు అన్నారు. "ఎంత దూరం?" అని నేర్పాను. 'దూ' దగ్గర చాలాసేపు కష్టపడ్డారు. వచ్చాక నాలుగుసార్లు అని చూసుకున్నారు.

ఆ తర్వాత కొన్ని నెలలు ఉత్తరాలు రాసుకున్నాం, మెయిల్లో. నా తప్పులన్నీ దిద్ది పంపేవారు. ఒకసారి, ఆసుపత్రికి వెళ్తున్నానని రాశారు. ఆసుపత్రి నుంచి వచ్చానని మాత్రం రాయలేదు. నేను మూడుసార్లు రాశాను. పాత ప్రాజెక్టు వాళ్ళను అడిగితే, ఆవిడ ఏదో ఏజెన్సీ ద్వారా వచ్చారని చెప్పారు. ఆ ఏజెన్సీ నుంచి ఇంతవరకు జవాబు లేదు.

ఇప్పుడు తమిళం నేర్చుకుంటున్నాను. మా అపార్టుమెంటు కింద ఇస్త్రీ చేసే ఆవిడ చెబుతుంది. నా మాటలు వింటుంటే మూడేళ్ళ పిల్ల మాట్లాడినట్టుందని నవ్వుతుంది. బట్టలు అయిపోయాక కూడా కాసేపు అక్కడే నిలబడతాను. నాకు ఇంకో భాష కూడా కొంచెం వచ్చని ఆవిడకు చెప్పలేదు. చెబితే ఏదీ మాట్లాడు అంటుంది, నేను మాట్లాడితే అది తప్పో ఒప్పో ఈ ఊళ్ళో చెప్పేవాళ్ళు లేరు.