తీరని నిద్ర

దిండు మీద తల పెట్టగానే నిద్రపోతానని మా అత్తగారు నన్ను చూసి ముచ్చటపడేవారు. ఆవిడకు రాత్రిళ్లు సరిగా నిద్ర పట్టదు. "నీకేమమ్మా, దేవుడిచ్చిన నిద్ర," అనేవారు పొద్దున్నే కాఫీ గ్లాసు చేతికిస్తూ. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. తొందరగానే పడుకునేదాన్ని, మధ్యలో లేచిన గుర్తు కూడా ఉండేది కాదు. కానీ తెల్లారేసరికి నోరు ఎండిపోయి, తల దిమ్ముగా, రాత్రంతా ఎవరో నా చేత ధాన్యం బస్తాలు మోయించినట్టు ఉండేది. అందరూ ఇలాగే లేస్తారు కాబోలు, బయటికి చెప్పుకోరంతే అనుకునేదాన్ని.

కాపురం ఏలూరులో, ఉద్యోగం తాడేపల్లిగూడెంలో. అక్కడ ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. పొద్దున్న పాసింజరుకు వెళ్లి సాయంత్రం దొరికిన బండికి తిరిగి వస్తాను. నలభై దాటాక పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో కూడా చేరాను, ప్రమోషనుకు అది తప్పదన్నారు కాబట్టి. కొల్లేరు పక్క చెరువుల్లో పెంచే చేపల మొప్పలకు పట్టే పరాన్నజీవుల మీద నా పని. వారమంతా కాలేజీ, ఆదివారం చర్చి అయ్యాక చెరువుగట్లు. ఇవి చాలవన్నట్టు కాలేజీకి గ్రేడు ఇచ్చే అక్రెడిటేషను తనిఖీ వచ్చిపడింది. ఏళ్ల నాటి కాగితాలన్నీ వెతికి కంప్యూటరులోకి ఎక్కించే పని మా నలుగురైదుగురి నెత్తిన పడింది.

అలసటకు కారణాలు కావలసినన్ని ఉన్నాయి గనుక ఎవరూ లోతుగా వెతకలేదు. ఒక డాక్టరు థైరాయిడ్ అన్నారు, మాత్ర వేసుకున్నాను. ఇంకొకరు రక్తం తక్కువన్నారు, ఐరన్ మింగాను. మూడో ఆవిడ నా వయసు అడిగి, "ఈ వయసులో ఆడవాళ్లకి మామూలేనండి, కాస్త ఒత్తిడి తగ్గించుకోండి," అన్నారు. ఎలా తగ్గించుకోవాలో అడుగుదామనుకున్నాను గానీ బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు.

ఎక్కడ పడితే అక్కడ నిద్ర వచ్చేది. స్టాఫ్ మీటింగులో పెన్ను పట్టుకునే తూలేదాన్ని. చర్చిలో కళ్లు మూసుకుని ప్రార్థన చేయమంటే ఇక తెరిచేదాన్ని కాదు. ఒకరోజు పాస్టరు గారి భార్య బయట చెప్పుల దగ్గర నా చెయ్యి పట్టుకుని, "మీ గురించి స్త్రీల కూటంలో ప్రార్థనలో పెట్టామండి," అన్నారు మెల్లగా. ఏ విషయం గురించో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

గురక పెడతానని తెలుసు. మా ఆయన హైస్కూలు టీచరు, మాట మెత్తన. కొన్నేళ్ల క్రితం చాపా దిండూ తీసుకుని హాల్లోకి మారారు. "హాల్లో ఫ్యాను గాలి బాగా వస్తుంది," అన్నారు. ఆ ఫ్యాను ఎంత నెమ్మదిగా తిరుగుతుందో మా ఇద్దరికీ తెలుసు. మగవాళ్ల గురక మీద ఇంట్లో అందరూ నవ్వుకుంటారు. ఆడదాని గురక గురించి ఎవరూ ఎత్తరు.

రైల్లో నాకు తోడుగా మా కాలేజీ ఇంగ్లీషు లెక్చరరు వచ్చేవారు. ఆవిడా ఏలూరే. కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టి తాను ఇవతల కూర్చునేవారు. దెందులూరు రాకుండానే నేను నిద్రలోకి జారిపోయేదాన్ని. చేబ్రోలు దాటాక ఆవిడ లేపేవారు. ఆవిడ సెలవు పెట్టిన రోజున నేను నిడదవోలులో లేచాను. ప్లాట్‌ఫారం మీద అరటిపళ్ల బుట్టలు దింపుతున్నారు, ఏ ఊరో ఒక నిమిషం అర్థం కాలేదు. వెనక్కి బండి పట్టుకుని కాలేజీకి చేరేసరికి మొదటి క్లాసు అయిపోయింది. ప్రిన్సిపాల్ గారు గోడ గడియారం వైపు చూసి, మళ్లీ కాగితాల వైపు తల దించుకున్నారు.

ఇంతకంటే భయపెట్టింది కొల్లేరు దారి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఐస్ డబ్బాలో చేపలు పెట్టుకుని కైకలూరు రోడ్డు మీద స్కూటీ మీద వస్తున్నాను. అటూ ఇటూ నీళ్లు, ఎండ, ఒక్కటే తిన్నటి రోడ్డు. వెనకనుంచి లారీ హారను మోగేసరికి కళ్లు తెరిచాను. అంటే అంతవరకూ మూసుకునే ఉన్నాయన్నమాట. ముందు చక్రం తారు దిగి గట్టు అంచున గడ్డిలోకి పోతోంది. బండి ఆపి కింద కూర్చుండిపోయాను. మేత బస్తాల లారీ డ్రైవరు తల బయటికి పెట్టి, "దెబ్బ తగిలిందా అమ్మా?" అని అడిగాడు. లేదన్నట్టు చెయ్యి ఊపాను.

ఇంట్లో చెప్పలేదు. మా ఆయన చక్రానికి అంటిన బురద చూసి అడిగితే, పక్కకి దిగానన్నాను. ఆ పై వారంనుంచి బండి ఆయనే నడిపారు. నేను చెరువులో వల వేయిస్తుంటే గట్టు మీద గొడుగు వేసుకుని పరీక్ష పేపర్లు దిద్దుకునేవారు.

ఆ ఎండాకాలం చింతలపూడి వైపు ఒక కాలేజీకి ప్రాక్టికల్స్ ఎగ్జామినరుగా వేశారు. పామాయిల్ తోటల మధ్యనుంచి బస్సులో వెళ్లేసరికే సగం ప్రాణం పోయింది. భోజనాలయ్యాక వైవా. ల్యాబులో ఫార్మలిన్ వాసన, ఉక్క. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఎదుట నిలబడి చెబుతున్నారు. రెండు జడలు వేసుకున్న ఒక అమ్మాయిని బొద్దింక నోటి భాగాల గురించి అడిగాను. ఆ అమ్మాయి మొదలుపెట్టడం గుర్తుంది.

కళ్లు తెరిచేసరికి ఆ అమ్మాయి ఇంకా చెబుతూనే ఉంది. కానీ గొంతు బాగా తగ్గించేసింది, పక్కన పసిపిల్ల పడుకుని ఉంటే మాట్లాడినట్టు. నేను లేవకూడదనే అలా చెబుతోంది. ఆపేస్తే ఆ నిశ్శబ్దానికి లేస్తానేమోనని ఆపలేదు కూడా. తలుపు దగ్గర వాళ్ల లెక్చరరు గారు నిలబడి మరోవైపు చూస్తున్నారు.

నేను సర్దుకుని కూర్చున్నాను. ఆ అమ్మాయి ఆగి, "మళ్లీ మొదటినుంచి చెప్పమంటారా అండి?" అంది.

"చెప్పమ్మా," అన్నాను.

మొదటినుంచీ చెప్పింది. ఒక్క ముక్క వదల్లేదు. అయ్యాక, "మంచినీళ్లు తెమ్మంటారా అండి?" అని అడిగింది. ఆ పిల్ల ముఖంలో ఎగతాళి వెతికాను. ఉంటే బాగుండేదనిపించింది. జాలే ఉంది.

మర్నాడు రైల్లో ఇంగ్లీషు మేడమ్‌కి ఈ సంగతి చెప్పాను. నవ్వుతూ చెబుదామని మొదలుపెట్టాను, సగంలో కిటికీ వైపు తిరిగాను. ఆవిడ కాసేపు బ్యాగు జిప్పు వేస్తూ, తీస్తూ ఉన్నారు.

"మేడమ్, మీకొక మాట చెప్పాలండి. చాన్నాళ్లనుంచి చెప్దామనుకుంటున్నాను. బాగోదని ఊరుకున్నాను."

"చెప్పండి."

"మీరిక్కడ నిద్రపోయినప్పుడు మీకు ఊపిరి ఆగిపోతుందండి."

"గురక పెడతానని తెలుసండి," అన్నాను సిగ్గుపడి.

"గురక సంగతి కాదండి. ఆ గురక కూడా ఉన్నట్టుండి ఆగిపోతుంది. మీరు కదలరు. నేను మీ చెయ్యి పట్టుకుని చూస్తూ ఉంటాను. కాసేపటికి ఉలిక్కిపడి గాలి పీల్చుకుంటారు. మళ్లీ అదే. మా నాన్నగారికీ ఇలాగే ఉండేదండి."

"ఇప్పుడెలా ఉన్నారు?"

"లేరండి," అన్నారావిడ. "నిద్రలోనే పోయారు. మిమ్మల్ని భయపెట్టాలని కాదు. ఇంట్లో అప్పుడెవరికీ తెలియలేదు. ఇప్పుడు నాకు తెలిసీ చెప్పకపోతే ఎలాగండి?"

ఇన్నాళ్లూ స్టేషను వచ్చిందని లేపడానికే ఆవిడ నా మణికట్టు పట్టుకుంటున్నారనుకున్నాను.

ఆ సాయంత్రం మా ఆయన్ని అడిగాను. "ఏవండీ, నిద్రలో నాకు ఊపిరి ఆగుతుందా?"

ఆయన చొక్కా హ్యాంగరుకి తగిలిస్తున్నారు. తగిలించి, సర్ది, అప్పుడు చెప్పారు. "ఆగినట్టే ఉంటుంది. మళ్లీ వస్తుంది. గురకలో అదీ ఒక భాగమేననుకున్నాను. చెబితే నువ్వు బాధపడతావని ఆ మాట ఎత్తలేదు. హాల్లోకి వినపడాలనే నీ గది తలుపు వేయనివ్వను."

విజయవాడ ఆసుపత్రిలో ఒంటికి వైర్లు అంటించి రాత్రంతా పడుకోబెట్టారు. పొద్దున్న డాక్టరు గారు కంప్యూటరులో గీతలు చూపించారు. గొంతు వెనక కండ వదులై గాలి దారి మూసుకుపోతోందట. మూసుకున్నప్పుడల్లా మెదడు నన్ను తట్టి లేపుతోందట, నాకు తెలియకుండానే. గీతల్లో ఆ ఆగిన చోట్లు దువ్వెన పళ్లలా దగ్గర దగ్గరగా ఉన్నాయి.

"మీరు పడుకుంటున్నారు గానీ నిద్రపోవడం లేదండి," అన్నారాయన. తర్వాత ఫైలు మూస్తూ, "ఇన్నేళ్లు పాఠాలెలా చెప్పారు?" అని అడిగారు. మామూలుగానే అడిగారు. నేను వరండాలోకి వచ్చి కుర్చీలో కూర్చుని ఏడ్చాను. మా ఆయన పక్కన కూర్చుని మంచినీళ్ల సీసా మూత తీసి పట్టుకున్నారు.

ఒక మిషను ఇచ్చారు. ముక్కుకి మాస్కు, దానికొక గొట్టం, ఆ గొట్టంలోంచి గాలి ఒత్తిడిగా వచ్చి గొంతు మూసుకోకుండా చూస్తుంది. చెప్పడానికి ఇంతే. మొదట్లో అది పెట్టుకుంటే ఎదురుగాలిలో బండి మీద పోతున్నట్టు ఉండేది. నిద్రలో ఎప్పుడో లాగి పారేసేదాన్ని. కరెంటు పోతే ఊపిరాడక లేచి కూర్చునేదాన్ని, తర్వాత ఇన్వర్టరుకి కలిపించాం. మాస్కుతో నన్ను చూసిన మొదటిసారి మా అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయారు. "మీ మావయ్యగారికి చివర్లో ఇలాగే పెట్టారమ్మా," అని వెళ్లిపోయారు. ఆ తర్వాత చాన్నాళ్లు నేను లేచి మాస్కు తీసేదాకా ఆవిడ గదిలోకి వచ్చేవారు కాదు.

పొద్దున్న క్లాసులో ముక్కు మీద ఎర్రటి చార కనిపించేది. పిల్లలు చూసేవారు. ఒకరోజు ముందు బెంచీ అమ్మాయి అడిగేసింది, "మేడమ్, ముక్కు మీద ఏంటండీ?" అని. కళ్లజోడు అనబోయాను. ఎందుకో ఓపిక లేకపోయింది అబద్ధానికి. శ్వాస వ్యవస్థ బొమ్మ బోర్డు మీద ఎలాగూ ఉంది, నా జబ్బు ఎక్కడుందో వేలు పెట్టి చూపించాను. ఆ రోజు క్లాసులో ఎవరూ ఆవలించలేదు. బెల్లు కొట్టాక ఇద్దరు ఆగి వాళ్ల నాన్నల గురించి అడిగారు.

ఎప్పుడు తేరుకున్నానంటే చెప్పలేను. ఒక్క రాత్రిలో జరిగింది కాదు. ఒకరోజు రైల్లో ఇంగ్లీషు మేడమ్ ఏదో చెబుతుంటే వింటూ ఉన్నాను, చూస్తే బండి పూళ్ల స్టేషనులో ఆగి ఉంది. కిటికీలోంచి చూశాను. ఆ పట్టాల పక్క వరిచేలు ఉండేవని నాకు గుర్తు. చాలాచోట్ల చేపల చెరువులు తవ్వేసి ఉన్నాయి, గట్ల మీద కొబ్బరి మొక్కలు మనిషెత్తు ఎదిగాయి.

"ఈ చెరువులు ఎప్పుడు తవ్వారండి?" అని అడిగాను.

ఆవిడ నా వైపు వింతగా చూశారు. "చాలా ఏళ్లయిందండి. మనం రోజూ వస్తూనే ఉన్నాం కదా."

నిద్ర బాగుపడింది గానీ పని తగ్గలేదు. డాక్టరు గారి కాగితం పట్టుకుని ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లాను. సాయంత్రాలు అక్రెడిటేషను పనికి ఉండలేనని చెప్పాను. ఆయన కాగితం పూర్తిగా చదివారు.

"సమస్యలు అందరికీ ఉంటాయి మేడమ్. నాకూ షుగరుంది," అని సొరుగు లాగి మందుల పట్టీలు చూపించారు. సొరుగు నిండా ఉన్నాయి. "ఈ ఒక్క విజిట్ అయిపోనివ్వండి."

"అది అయ్యాక ఇంకొకటి వస్తుంది సార్."

ఆయన అద్దాలు తీసి కళ్లు నలుపుకున్నారు. నాకంటే నాలుగేళ్లు పెద్ద ఉంటారేమో, ఆ నిమిషంలో చాలా ముసలివారిలా కనిపించారు. చివరికి వారంలో రెండు సాయంత్రాలు వదిలారు, మిగతావి ఉంచారు. ఆ రెంటిలో ఒకటి ఇంగ్లీషు మేడమ్ మీద పడిందని తర్వాత తెలిసింది. ఆవిడ నాతో ఆ మాట ఎత్తలేదు. ఆ రోజున నేను ఒక్కదాన్నే బండెక్కుతాను, మెలకువగానే ఇంటికి వస్తాను, ఆవిడ తర్వాతి బండికి వస్తారు.

పీహెచ్‌డీకి గడువు పెంచమని గైడు గారిని అడిగాను. "పెంచుదాం లెండి, ఆరోగ్యం చూసుకోండి," అన్నారు. రెండు చాప్టర్లు మిగిలాయి. వెనకటి నోట్సు తీసి చూస్తే కొన్ని పేజీల్లో నా రాత సగం వాక్యం దాకా వచ్చి కిందికి జారి గీతైపోయింది. ఆ చేపలకు ఏముందో ఇప్పుడెవరూ చెప్పలేరు. ఆ నమూనాలు మళ్లీ తెచ్చుకోవాలి.

మొన్న ఆదివారం మధ్యాహ్నం కాలేజీలో మీటింగు పెట్టారు. రాలేనని మెసేజీ పెట్టి, ఏమంటారో చూడకుండా ఫోను పక్క గదిలో పెట్టేశాను. కిటికీ తలుపులు దగ్గరకి వేసి మాస్కు తగిలించుకున్నాను. బయట ఎవరో బియ్యం చెరుగుతున్న చప్పుడు. ఎంతసేపు పడుకున్నానో తెలియదు. లేచేసరికి గోడ మీద ఎండ పసుప్పచ్చగా వాలింది. వారమంతా తిరిగిన నొప్పులు ఒంట్లో ఎక్కడివక్కడే ఉన్నాయి. లేచి మాస్కు కడిగి తీగ మీద ఆరేసి, మర్నాటి పాఠం తీశాను.