రత్న సైకిల్ హ్యాండిల్ ఎత్తు

పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక క్రీడా శిక్షణ కేంద్రంలో సైకిల్ మెకానిక్‌గా చేరి, సీనియర్ మెకానిక్ హోదాలో రిటైరయ్యాను. ఈ సంగతి మొదలైంది రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, నవంబరులో. అప్పటికి నా కింద ఇద్దరు మెకానిక్‌లు, ముప్పై దాకా రేసు సైకిళ్లు ఉండేవి. సైకిల్ విషయంలో కోచ్ తర్వాత మాటంటే నాదే. పిల్లలు నన్ను చూసి జంకేవారు. నాకది బాగానే ఉండేది, దాచడం దేనికి.

మా పనిలో కార్డు అని ఒకటి ఉంటుంది. క్రీడాకారులు చేరిన రోజునే ఒక్కొక్కరినీ కొలిచి, సీటు ఎత్తు, సీటు నుంచి హ్యాండిల్ దాకా దూరం, సీటు కంటే హ్యాండిల్ ఎంత కిందికి ఉండాలి అన్నవి మిల్లీమీటర్లలో రాసి పెడతాం. పోటీకి వేరే ఊరు వెళ్లి సైకిల్ విప్పి మళ్లీ బిగించినా, కార్డు చూసి బిగిస్తే సీటు వెంట్రుకవాసి తేడా రాదు. నేను రాసిన కార్డులు ఒక్కటి కూడా పారేయలేదు. అన్నీ బీరువాలో ఉండేవి.

రత్న మా దగ్గర ఎనిమిదేళ్లు ట్రాక్ మీద తొక్కిన పిల్ల. వాళ్ల తాతల కాలంలోనే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. పెళ్లయ్యాక బ్రూక్షాబాద్‌లో ఉంటూ స్కూల్లో వ్యాయామం టీచరుగా చేస్తోంది. నవంబరులో ఆమె వర్క్‌షాపుకొచ్చేనాటికి నలభై దాటింది. కాస్త చిక్కింది. ఏమ్మా ఇలా అయిపోయావంటే, "ఏటీ లేదు సర్, పిల్లల వెనకాల పరుగులే కదా" అని నవ్వేసింది.

ఆమెకు దూరప్రయాణానికి పనికొచ్చే సైకిల్ కావాలి. దిగ్లీపూర్ దాకా ఓడలో వెళ్లి, అక్కడి నుంచి మాయాబందర్, మాయాబందర్ నుంచి రంగత్ రెండు రోజుల్లో తొక్కాలని అనుకుంది. రంగత్‌లో వాళ్లమ్మ ఉంటుంది. పోర్ట్ బ్లెయిర్ నుంచే నేరుగా తొక్కుతూ వెళ్దామంటే మధ్యలో ఆదివాసుల రిజర్వు అడవి దారి. అక్కడ బళ్లు కాన్వాయ్‌గానే కదలాలి, సైకిల్‌తో కుదరదు.

ఇప్పుడెందుకమ్మా ఈ సరదా అన్నాను.

"ఎనిమిదేళ్లు తొక్కాను సర్. గోల్ గోల్ తిరగడమే. ఎంత తొక్కినా బయల్దేరిన కాడికే వచ్చాను. ఒక్కసారి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవాలి. అమ్మ గుమ్మంలో సైకిల్ దిగాలి. స్పీడ్ నహీ చాహియే, ఆరామ్‌గా ఉంటే చాలు."

మంచి ఉక్కు ఫ్రేము ఒకటి ఆమే కొనుక్కొచ్చింది. వారం రోజులు డ్యూటీ అయ్యాక కూర్చుని బిగించాను. వెడల్పు టైర్లు వేశాను. చక్రానికి ముప్పై ఆరు చువ్వలు, సామాను మోయాలి గనక. ఎత్తులెక్కడానికి తేలిక గేర్లు. వెనక క్యారియరు, దానికి రెండు వైపులా సంచులు. సీటు గొట్టానికి గ్రీజు దట్టంగా పట్టించాను. మా ఉప్పుగాలికి అది లేకపోతే ఏడాది తిరక్కుండా గొట్టం ఫ్రేములో పట్టేసి, సుత్తితో కొట్టినా కదలదు.

ఇక హ్యాండిల్. రేసు సైకిల్ మీద మనిషి బాగా ముందుకు వంగుతాడు, ఒంటి బరువు చాలావరకు చేతుల మీద పడుతుంది. రేసు కొద్దిసేపట్లో అయిపోతుంది కాబట్టి ఓర్చుకోవచ్చు. రోజంతా తొక్కే సైకిల్‌కు హ్యాండిల్ సీటు ఎత్తుకు రావాలి, ఒంటికి దగ్గరగా ఉండాలి. ఇది నాకు తెలియక కాదు. కానీ రత్న మా పిల్ల, ఆ ఒళ్లు నాకు తెలుసు అనుకున్నాను. బీరువాలోంచి పాత కార్డు తీసి, వయసు పేరు చెప్పి ఒక అంగుళం పైకి లేపాను. దానికే పెద్ద ఉపకారం చేసినట్టు అనుకున్నాను కూడా.

ఆమె ఎక్కి, వర్క్‌షాపు ముందు రెండు చుట్లు తిరిగింది. ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద గట్టిగా ఆనడం లేదు. చూశాను. అలవాటు తప్పింది, పది రోజులు తొక్కితే అదే సర్దుకుంటుందన్నాను. దిగి, కాసేపు బ్రేకు మీట సవరిస్తూ నిలబడి, "హ్యాండిల్ ఇంకొంచెం పైకి రాదా సర్?" అంది.

నేనన్న మాట ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నీ కార్డు రాసింది నేను. నీ ఒళ్లు నీకంటే నాకు బాగా తెలుసు. చెప్పినట్టు తొక్కు" అన్నాను. పక్కనున్న మెకానిక్‌లు నవ్వారు. ఆమె కూడా నవ్వి, "మీరు చెప్తే ఓకే సర్" అంది.

ఫిబ్రవరిలో బయల్దేరింది. మొదటి రోజు సాయంత్రానికి మాయాబందర్ చేరింది. రెండో రోజు గట్టిగా రెండు గంటలు కూడా తొక్కలేకపోయింది. ఎడమ చెయ్యి భుజం నుంచి వేళ్ల దాకా వాచిపోయి, బ్రేకు నొక్కడానికి పట్టు దొరకలేదు. అటుగా వచ్చిన బస్సు ఆపి, సైకిల్ పైకెక్కించి రంగత్ వెళ్లింది.

ఈ సంగతి నాకు ఆమె చెప్పలేదు. పది రోజులకు ఆమె భర్త ఈశ్వర్ సైకిల్ ఆటోలో వేసుకుని వర్క్‌షాపుకొచ్చాడు. హార్బర్‌లో పనిచేస్తాడు, నెమ్మదస్తుడు. సైకిల్ గోడకు ఆనించి, "ఉంచేసుకోండి సర్. ఇంట్లో దీన్ని చూస్తే ఏడుస్తంది" అన్నాడు.

ఏమైందని అడిగితే మెల్లగా చెప్పాడు. రెండేళ్ల కిందట ఆమెకు ఎడమ వైపు రొమ్ము ఆపరేషనయింది. చంకలో గ్రంథులు కూడా తీసేశారు. సైకిల్ తొక్కొచ్చు గానీ ఆ చేతి మీద ఎక్కువసేపు బరువు మోపొద్దని, మోపితే వాస్తుందని డాక్టరు చెప్పారు.

"నాకొక్క మాట చెప్పొచ్చు కదయ్యా" అన్నాను.

"మీకెలా చెప్తాది సర్? పక్కన మెకానిక్ భయ్యాలు. మీరేమో నాన్నలాంటోరు. హ్యాండిల్ పైకెట్టమని అడిగానంది. అంతకన్నా ఏం చెప్తాది?"

సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆమె చెప్పగలిగినంత చెప్పింది. వినాల్సినవాణ్ణి నేను.

ఆ రాత్రే కాదు, చాలా రోజులు నిద్ర సరిగా పట్టలేదు. సైకిల్ విప్పి మళ్లీ మొదలుపెట్టాను. హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ పొడుగుది, పైకి లేచి ఉండేది తెప్పించాను. హ్యాండిల్ మార్చి, చివరలు ఒంటి వైపు తిరిగి ఉండేది వేశాను. చెన్నై నుంచి ఒక బ్రేకు మీట వచ్చింది, ఒక్కటి నొక్కితే రెండు చక్రాలూ ఆగుతాయి. దాన్నీ గేర్లనూ కుడిచేతి వైపే పెట్టాను. నిటారుగా కూర్చుంటే బరువంతా సీటు మీదికి వస్తుంది కాబట్టి వెడల్పు సీటు వేశాను. ఈసారి బీరువా తెరవలేదు. సైకిల్‌ను బ్రూక్షాబాద్ తీసుకెళ్లి, ఆమెను కూర్చోబెట్టి, ఎక్కడ నొప్పి, ఎక్కడ లేదు అని అడుగుతూ వాళ్ల వాకిట్లోనే బిగించాను. ఎడమ చెయ్యి ఊరికే హ్యాండిల్ మీద పెట్టుకుంటే చాలేలా కుదిరింది.

ఆమె వీధి చివరిదాకా వెళ్లొచ్చి, "ఇదే సర్ నేనడిగింది" అంది. నిష్ఠూరంగా అనలేదు. అన్నా బాగుండేది. నేను క్షమించమని అడిగాను. జీవితంలో ఆడపిల్లను క్షమాపణ అడగడం అదే మొదలు. "అరే ఛోడియే సర్, పోనీండి, వానలయ్యాక మళ్లీ పోతాను. మాయాబందర్ నుంచి రంగత్ బాకీ ఉంది" అంది.

నెల రోజుల పాటు సాయంకాలాలు ఆ చుట్టుపక్కల తొక్కింది. వానలు మొదలయ్యాక జబ్బు తిరగబెట్టింది. చెన్నై తీసుకెళ్లారు. అక్టోబరులో ఈశ్వర్ ఒక్కడే తిరిగొచ్చాడు. వాళ్లమ్మ రంగత్ నుంచి వచ్చి, నా చేతులు పట్టుకుని, మా పిల్లకి మంచి సైకిల్ చేసిచ్చారంట అంది. రత్న చెప్పింది మొదటిసారి బిగించినదాని సంగతో, రెండోసారి బిగించినదాని సంగతో నేను అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

ఆ ఏడాదే మా వర్క్‌షాపులో కొలతల పద్ధతి మార్చాను. మనిషిని ముందు కూర్చోబెట్టి ఆపరేషన్లు, దెబ్బలు, తిమ్మిర్లు అడిగి, చేతులు రెండూ పైకెత్తించి చూశాకే టేపు తీయాలి. ఆడవాళ్లను అడగడానికి మహిళా కోచ్ ఉండాలి, ఆ సమయంలో మెకానిక్‌లు బయటికి వెళ్లాలి. హ్యాండిల్ పైకి కావాలని ఎవరడిగినా కారణం అడక్కుండా లేపాలి. ఈ పద్ధతి నేను చేరిన రోజునే పెట్టి ఉండాల్సింది. దీనికి కొత్త పనిముట్లేమీ అక్కర్లేదు. ఆ నవంబరులో ఒక స్టెమ్, అరగంట పని సరిపోయేది. ఆ అరగంట నేను పెట్టనందుకే రత్న వాళ్లమ్మ గుమ్మంలో సైకిల్ దిగలేదు, బస్సు దిగి నడిచి వెళ్లింది.